కళింగల చెక్కని మాట

ఏం సదువుతున్నవే బిడ్డా, గంత గట్టిగ? అశోకుడు మంచోడా, కర్కోటకుడా రాయమన్నరా? ఆఁ... గా ముచ్చట మా ఏలీయా సారును అడగాలె. యాడున్నడు సారు, పోయి ఎన్నేండ్లాయె. గుంటూరు దిక్కుకెళ్లి వచ్చిండు, పటాన్‌చెరు బడిల చరిత్ర చెప్తుండె. మన ఎనక అర్ర వాళ్లకే కిరాయికిచ్చినం. సారు, ఆయన పెండ్లాం సుకుమారమ్మ, ఒక్కడే కొడుకు బర్నబా. సారుకు అశోకుడంటే పానం. 'యుద్ధం గెలిచి ఏడ్చిన రాజును ఇంకొకణ్ణి చూపించండిరా!' అని బల్ల గుద్దేటోడు, రోడ్డు మీదికి ఇనవడేది.

గప్పుడు, డెబ్బై ఆరో ఏడో, మన దిక్కు కొత్తగ కంపెనీలు లేస్తున్నయి. ఒక రంగుల ఫ్యాక్టరీ వచ్చింది, పేరెందుకులే, ఎప్పుడో మూతవడ్డది. బర్నబా అండ్ల చేరిండు. ఎండకాలం బాయిలర్ పగిలింది. నలుగురు పోయిండ్రు. బర్నబాను చద్దర్ల సుట్టి తెచ్చిండ్రు, సుకుమారమ్మ మొకం సూస్తనంటే సూడనియ్యలే. బాయిలర్ కారుతుందని పోరగాండ్లు ముందుగాలనే చెప్పిండ్రంట. 'నడవనియ్, మాల్ పోవాలె' అన్నడంట కంపెనీ సేటు.

గా సేటు మారిండు బిడ్డా, అబద్ధమెందుకు. పాత మిషన్లు పీకేపిచ్చిండు. రోడ్డు పొంటి యాపచెట్లు వెట్టిచ్చిండు, బాయి తవ్విచ్చిండు, వాళ్లమ్మ పేరు మీద బడికి హాలు కట్టిచ్చిండు. పట్నంల మీటింగు వెడితే స్టేజీ మీద వలవల ఏడ్చిండంట, పేపర్ల గూడ వడ్డది. ఊరంత ఒకటే మాట, 'సేటు దేవుడురా బై.' గని సచ్చినోళ్ల ఇండ్లకు ఒక్కనాడు రాలే.

హాలు ఓపెనింగు నాడు హెడ్మాస్టరు మన ఏలీయా సారును మాట్లాడమన్నడు. సేటును అశోకునితోని పోల్చి నాలుగు మంచి మాటలు చెప్పమన్నడు. సారు లేసి నిలవడ్డడు. ఇగ అన్నడు గదా, 'అశోకుడు ఏడ్చాడు. నేనిన్నాళ్లూ చెప్పింది నిజమే. ఆ ఏడుపు రాళ్లమీద చెక్కించాడు కూడా. ఎక్కడెక్కడో దూరాన చెక్కించాడు. కళింగలో మాత్రం చెక్కించలేదు. ఎవరి వాళ్లను చంపాడో వాళ్లకే ఆ మాట చెప్పలేదు.' గంతే, కూసున్నడు. ఒక్కడు సప్పట్లు కొట్టలే. సేటు మెడల దండ తీసి పక్కన వెట్టిండు.

సారు నౌకరి పాయెరా అనుకున్నం. మర్నాడు పొద్దుగాల మనింటి ముంగట కారాగింది. సేటే! సెప్పులిడిసి వచ్చి కిందనే కూసున్నడు. సుకుమారమ్మ చెంబుల నీళ్లిచ్చింది, తాగిండు. 'అమ్మా, గల్తీ నాదే. నీ కొడుకును నేనే చంపిన' అన్నడు. ఆమె నిమ్మళంగ అడిగింది, 'మా అబ్బాయి పేరేమిటండీ?' సేటు తన ఎంబడొచ్చిన మేనేజరు దిక్కు సూసిండు. మేనేజరు నేల దిక్కు సూసిండు.

ఇగ గా మొగుడు పెండ్లాలకు తెగని పంచాతి. సారేమో, 'వచ్చాడుగా సుకుమారీ. అశోకుడు వెళ్లలేదు, ఈయన వచ్చాడు.' ఆమె, 'పేరైనా తెలియకుండా ఎవరి కోసం ఏడ్చాడండీ?' అటెన్క సారు అశోకుని పాఠం రాంగనే సెలవు వెట్టేటోడు, ఇంకో పంతులు చెప్తుండె. ఆఖరుకు మంచంల వడ్డంక గూడ నన్నడిగిండు, 'ఐలన్నా, నువ్వు చెప్పు, మంచివాడేనా?' అశోకుణ్ణి అడుగుతుండో, సేటును అడుగుతుండో సమజ్ గాలె. తెల్వదు సారూ అన్న. సుకుమారమ్మ సారు కాళ్ల కాడనే కూసున్నది.

నన్నా? నన్నడిగితే నేనేం జెప్త బిడ్డా. సేటు పోతపోత సెప్పులు మర్సి ఉత్తకాళ్లతోని కారెక్కిండు, గది నా కండ్లతోని సూసిన. ఏడుపు దొంగది గాదు. గట్లని...

కరెంటు పోయేటట్టున్నది. జల్ది తినుపో.