రేవులో పచ్చ గుర్తు

ఐసీయూ బయట ఇద్దరే ఉన్నారు. ఒకరు చక్రాల కుర్చీ వెళ్లగల చోట్లకి పచ్చ, వెళ్లలేని చోట్లకి ఎరుపు గుర్తు పెట్టే యాప్ మీద వర్క్‌షాపు నడిపిన మేడమ్, మరొకరు చక్రాల కుర్చీతో సహా గోదావరిలో పడిపోయిన అశ్వినికి అన్నయ్య.

“మీ యాప్‌లో రేవు ర్యాంపుకి పచ్చ గుర్తుందండి. అది నమ్మే మా చెల్లి ఒక్కతే దిగింది. పోలీసులకి మీ పేరే చెప్తాను.”

“మేం కొలిచినప్పుడు రెయిలింగ్ ఉంది బాబూ.”

“వినాయకుడి విగ్రహం పట్టలేదని నిమజ్జనం రోజు కోసేశారు కదండీ!”

“తెలుసు. మర్నాడే ఎరుపు గుర్తు పెట్టాను. ఎవరో పాత ఫొటో ఎక్కించి మళ్లీ పచ్చ చేశారు.”

“ఎందుకూ?”

“కోయించింది ఉత్సవ కమిటీ. ఆ సంగతి బయటపడకూడదని కమిటీ మనిషే మార్చారు.”

“ఎవడండీ వాడు? పేరు చెప్పండి, ఇప్పుడే వెళ్లి కాళ్లు విరగ్గొడతా.”

“వద్దు బాబూ. చెల్లిని కోలుకోనివ్వండి.”

“చెప్పరేంటండీ?”

“ఆయనే అశ్వినిని బండి మీద వర్క్‌షాపుకి తీసుకొచ్చి, పక్కన కూర్చుని తనూ యాప్ నేర్చుకున్నారు. ఆ అమ్మాయి ఒంటరిగా రేవుకి వెళ్తుందని అనుకోలేదు.”

“బండి మీద తీసుకొచ్చింది...”

“ఇప్పుడు లోపల ఆమె చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నారు.”

“లోపలున్నది మా నాన్నండీ!”

“అవును బాబూ. భీమరాజు గారే.”