ఫాతిమున్నీసా ఫోన్ చేస్తే ఎందుకు ఎత్తలేదు?

అక్కలారా, అన్నలారా, రువైస్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తమ్ముళ్ళారా, బర్ దుబాయ్‌లో కొట్లు కట్టేసి వచ్చిన పెద్దలారా,

వారమంతా ఒళ్ళు హూనం చేసుకుని ఈ ఒక్క సెలవు రోజున నిద్రపోయే మనుషులు మీరు. ఆ నిద్ర మానుకుని వచ్చారు. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మన ఫాతిమున్నీసా ఇక లేదన్న మాట చెప్పడానికి నన్ను మైకు ముందుకు పిలిచారు. ఆ మాట ఇన్నాళ్ళూ నా నోట రాలేదు. ఇప్పుడూ సరిగా రావడం లేదు.

నా పేరు కాత్యాయని. మాది ముమ్మిడివరం. రోలాలో ఫాతిమక్క ఉన్న ఫ్లాట్‌లోనే నేనూ ఉంటున్నాను. ఆమె దుబాసీగా పనిచేసిన సహాయ సంస్థలోనే లారీలకు సరుకు ఎక్కించి పంపే పని నాది. ఆమె చివరిసారి వెళ్ళిన లారీ మా గోదాము నుంచే బయలుదేరింది.

ఈ హాలు ఇచ్చినవాళ్ళు ఒక్క షరతు పెట్టారు. రాజకీయాలు మాట్లాడొద్దన్నారు. సరే. ఇది మనకు అన్నం పెడుతున్న నేల. ఆ మర్యాద మనకు తెలుసు. ఈ దేశం, సముద్రం అవతల ఒకే పక్షాన యుద్ధం చేస్తున్న రెండు ప్రభుత్వాలకూ కూర్చుని మాట్లాడుకోవడానికి చోటిచ్చింది, అంతవరకే. ఆ ప్రభుత్వాల పేర్లు కూడా నేను ఎత్తను. ఒక మనిషి ఎలా బతికిందో, ఎలా చనిపోయిందో చెప్తాను. అది రాజకీయంగా వినిపిస్తే ఆ తప్పు నాది కాదు.

ఫాతిమక్కది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. హైదరాబాద్‌లో అరబీ చదువుకుంది. అబూ ధాబీలో ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, కోర్టుల్లో అరబీకి ఇంగ్లీషుకి మధ్య నిలబడి మాట అటూ ఇటూ చేర్చింది. నోరు మంచిది కాదు. చేపల పులుసులో నేను చింతపండు తక్కువ వేస్తే, “ఏందిమే ఇది, చేపలు కడిగిన నీళ్ళా?” అనేది. ఎవరైనా “సర్లే, పోనీలే” అంటే అక్కకి ఒళ్ళు మండేది. పోనివ్వడం ఆమెకి చేతకాదు.

వీరమ్మ గారు ఇక్కడే ఉన్నారు. ఆమె అనుమతి తీసుకునే ఈ సంగతి చెప్తున్నాను. వీరమ్మ గారు పనిచేసే ఇంట్లో కమ్మలు పోయాయి. పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళారు. అక్కడ ఈమె ఏడుస్తూ, “తప్పయిపోయింది బాబూ, క్షమించండి బాబూ” అంటూనే ఉంది. మనకి తెలుసు కదా, భయమేస్తే మనం ముందు అనేది ఆ మాటే. అక్కడున్న ఒకాయన దాన్ని హిందీలో చెప్పేశాడు: తప్పు ఒప్పుకుంటోంది అని. అంతే, ఖలాస్! కాగితం రాయడం కూడా మొదలైంది. అప్పుడు ఫాతిమక్క వెళ్ళింది. ఎవరూ పిలవలేదు, ఎవరో చెబితే వెళ్ళింది. ఆ అధికారితో అరబీలో ఏమందో మాకు తర్వాత చెప్పింది: “మా భాషలో దెబ్బ తిన్నోళ్ళు కూడా క్షమించమంటారయ్యా. అది నేరం ఒప్పుకోవడం కాదు, దణ్ణం పెట్టడం.” ఆ అధికారి మంచివాడు. కలం కింద పెట్టాడు. ఇల్లు మళ్ళీ వెతికించాడు. కమ్మలు యజమానురాలి చేతిసంచిలోనే దొరికాయి.

ఒక్క మాట తప్పుగా చేరితే మనిషి ఏమైపోతుందో చూశారా? ఆ భయం ఫాతిమక్కకి ఎప్పుడూ ఉండేది. ఆ భయంతోనే ఆమె తన పని చేసింది. మరి దేశాలను ఏలేవాళ్ళకి ఆ భయం ఉండొద్దా?

ఇక ఆ యుద్ధం సంగతికి వస్తాను.

సముద్రం అవతల యుద్ధం జరుగుతోంది. ఒక ప్రభుత్వానిది ఆ నేల. ఇంకో ప్రభుత్వం దానికి మిత్రుడు, విమానాలు ఈ మిత్రుడివి. ఇద్దరికీ శత్రువు ఒక్కడే. మరి గొడవ దేనికి? ఆ విమానాలకి ఆజ్ఞ ఎవరివ్వాలి అని. విమానం మాది కాబట్టి ఆజ్ఞ మాది అని ఒకరు. ఆకాశం మాది కాబట్టి ఆజ్ఞ మాది అని ఇంకొకరు. దీని మీద అబూ ధాబీలో ఒక హోటల్లో నెలల తరబడి చర్చలు. ఆ దేశంలో ఆసుపత్రులకు మందులు పంపేది మా సంస్థే కనుక, మా లారీల భద్రత కూడా ఆ చర్చల్లో ఒక అంశం. అందుకే మా తరఫున ఫాతిమక్క అక్కడ దుబాసీగా కూర్చుంది.

ఒకరోజు ఇంటికొచ్చి, బురఖా కూడా తీయకుండా వంటింటి గడప మీద కూలబడింది. “కాత్యాయనీ, ఇయ్యాలంతా ఏం మాట్లాడినారో తెలుసా? కమాండ్ గదిలో మధ్య కుర్చీలో ఎవరు కూర్చోవాల అని. దాన్ని నేను రెండు భాషల్లో చెప్పినా. సిగ్గుతో సచ్చినా” అంది. మా అందరికీ నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. ఆ రోజు ఆ దేశంలో ఒక కొండ ఊరి ఆసుపత్రిలో ఆక్సిజన్ అయిపోవచ్చిందని ఆమెకి తెలుసు. దారి మీద విమానాలు తిరుగుతున్నాయి, మా లారీలు ఓడ దిగిన అవతలి రేవులోనే ఆగిపోయి ఉన్నాయి. పెద్దమనుషులు కుర్చీ గురించి మాట్లాడుకుంటున్నారు.

మా సంస్థ అడిగింది చాలా చిన్నది. మీ తగువు తేలేదాకా ఒక్క ఫోన్ పెట్టండి. లారీ బయలుదేరితే ఆ ఫోన్‌కి చెప్తాం. ఇద్దరూ వినండి. విమానాలను పక్కకి తిప్పండి. ఇంతే. సూత్రప్రాయంగా ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆ ఫోన్ ఎవరి గదిలో ఉండాలన్న దాని మీద మళ్ళీ తగువు!

అప్పుడు ఫాతిమక్క దుబాసీ చేయకూడని పని చేసింది. తన సొంత మాట మాట్లాడింది. చెవికున్న యంత్రం తీసి బల్ల మీద పెట్టి, ముందు అరబీలో, తర్వాత ఇంగ్లీషులో అందట: “ఆ ఫోన్ నా ఒళ్ళో పెట్టండి. మీ ఇద్దరి భాషలూ నాకొచ్చు. లారీతో నేను పోతాను. మీరు ఎత్తి వింటే చాలు.”

మర్నాటి నుంచి ఆమెని చర్చలకు రావద్దన్నారు. కానీ ఆమె చెప్పిన ఏర్పాటు మాత్రం తీసుకున్నారు! ఎందుకంటే అందులో ఇద్దరిలో ఎవరి పరువూ పోదు. ఆ అవతలి రేవులో ఒక చిన్న గది. అందులో ఒక ఫోన్. దాని ముందు ఇటువైపు అధికారి ఒకడు, అటువైపు అధికారి ఒకడు. లారీలో బిగించిన ఉపగ్రహ ఫోన్ దగ్గర ఫాతిమక్క.

మేం వద్దన్నాం. నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. చెల్లెలు ఫైజా ఏడ్చింది. “నోరుండేది నాకు, పొయ్యేది ఇంకొకరా?” అంది అక్క. మొదటిసారి ఆక్సిజన్ చేరింది. రెండోసారి మందులు, పసిపిల్లల పాలపొడి చేరాయి. విమానాలు నిజంగానే పక్కకి తిరిగాయి. చూశారా, తిప్పాలనుకుంటే తిరుగుతాయి! ఆమె ఇంటికొచ్చి రెండ్రోజులు మొద్దునిద్ర పోయి, లేచి నా పులుసుకి మళ్ళీ వంకలు పెట్టింది.

మూడోసారి ఆమె దారిలో ఉండగా ఇక్కడ ఒప్పందం కుదిరింది. టీవీల్లో మీరూ చూసే ఉంటారు. కరచాలనాలు, పూలు, జెండాలు. ఉమ్మడి కమాండ్ ఏర్పడింది అన్నారు. చారిత్రకం అన్నారు. మా ఆఫీసులో మేమూ చప్పట్లు కొట్టాం. ఇక లారీలకు భయం లేదనుకున్నాం.

అయ్యా, అమ్మా, ఏం జరిగిందో తెలుసా? ఉమ్మడి కమాండ్ వచ్చేసింది కనుక, రేవులో ఆ చిన్న గది ఇక అక్కర్లేదన్నారు. ఇద్దరు అధికారులనూ కొత్త భవనానికి రమ్మన్నారు. గదికి తాళం వేశారు. ఫోన్ లోపలే ఉండిపోయింది. లారీలో ఉన్న మనిషికి వాళ్ళు చెప్తారని వీళ్ళు, వీళ్ళు చెప్తారని వాళ్ళు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన సామెత. ఇక్కడ పోయింది గొడ్డు కాదు.

తర్వాత జరిగింది రమీజ్ చెప్పాడు. కడప కుర్రాడు, లారీ డ్రైవరు, చేతికి కట్టుతో ఇదిగో ముందు వరుసలో కూర్చున్నాడు. మొదటి బాంబు లారీల ముందు దారి మీద పడింది. లారీలు ఆగాయి. ఫాతిమక్క అందరినీ దిగి కల్వర్టు కిందకి పొమ్మంది. అందరూ దిగారు. ఆమె దిగలేదు. అది అతని మాటల్లోనే చెప్తాను: “ఫోన్ సెట్టు లారీకే బిగించి ఉండె. దిగితే మాట్లాడేదానికి కాదు. అక్కా రా అని నేను చెయ్యి పట్టి లాగితి. ‘మోగుతా ఉండాది, ఎత్తుతారు, నువ్వు పో, యల్లా’ అని నన్ను తోసేసింది.”

మోగుతోంది. ఎత్తుతారు. ఆ నమ్మకంతో కూర్చుంది. విమానం తిరిగొచ్చేదాకా, ఎవరూ ఎత్తని ఆ ఫోన్‌లోనే, ఆమె ఒకసారి అరబీలో, ఒకసారి ఇంగ్లీషులో, ఇవి మందుల లారీలు, ఇవి మందుల లారీలు అని చెప్తూనే ఉండడం కల్వర్టు కిందకి వినిపించింది. తాళం వేసిన గదిలో ఖాళీ కుర్చీలకి చెప్పింది.

కల్వర్టు కింద ఉన్నవాళ్ళందరూ బతికారు. ఆమె ఒక్కతే పోయింది.

ఇప్పుడు వాళ్ళేమంటున్నారు? విమానం మాదే, కానీ ఆజ్ఞ ఉమ్మడి కమాండ్‌ది అని ఒకరు. ఉమ్మడి కమాండ్ మాదే, కానీ ఆ రోజుకి ఇంకా ఆకాశం మాకు అప్పగించలేదు అని ఇంకొకరు. నెలల తరబడి ఆజ్ఞ మాది, మాది అని కొట్లాడుకున్నారే! ఇప్పుడు ఒక ఆడమనిషి శవం ముందుకొచ్చేసరికి ఆ ఆజ్ఞ ఎవరిదీ కాకుండా పోయిందా? పెత్తనానికి ఇద్దరు, జవాబుకి ఒక్కడూ లేడా?

ఇద్దరూ కలిసి ఒక ప్రకటన ఇచ్చారు. అందులో ఆమె పేరు లేదు. “స్థానిక సిబ్బందిలో ఒకరు” అట. కారణం “సమన్వయ లోపం” అట. సమన్వయ లోపం! మోగుతున్న ఫోన్ ఎత్తకపోవడానికి ఎంత పెద్ద పేరు పెట్టారో చూడండి. ఫాతిమక్క బతికుంటే ఆ మాటని తర్జుమా చేసేదా? ఆమె ఏమనేదో నాకు తెలుసు, కానీ ఈ సభలో పిల్లలున్నారు.

మా సంస్థకి కూడా సలహా ఇచ్చారు. ఇద్దరు మిత్రుల మధ్య ఇది సున్నితమైన సమయం, గట్టిగా మాట్లాడొద్దు అన్నారు. వాళ్ళ స్నేహం సున్నితమైనది. మరి ఆత్మకూరులో మూలబడ్డ ఫాతిమక్క తల్లి గుండె? అదేమైనా ఇనుమా?

మేం అడిగేది మూడు ముక్కలు. ఆ ఆజ్ఞ ఇచ్చిందెవరో చెప్పాలి. ఆ గదికి తాళం వేయమన్నదెవరో చెప్పాలి. ఆమె తల్లికి, పేరు పెట్టి, ఫాతిమున్నీసా అని పేరు పెట్టి, క్షమాపణ చెప్పాలి. మా సంస్థ అడిగింది. ఫైజా అడిగింది. ఇంతవరకు జవాబు రాలేదు. వచ్చేదాకా అడుగుతాం. మీరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు, ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పండి. ఆమె ఎవరో చెప్పండి. ఎలా పోయిందో చెప్పండి. ప్రమాదంలో పోయిందని ఎవరైనా అంటే, కాదని చెప్పండి. సర్లే, పోనీలే అనకండి.

ఫైజా మాట్లాడలేనంది. నన్నే చెప్పమంది. “మా అక్కని త్యాగమూర్తి అనొద్దు, ఆమెకి చావాలని లేదు” అని మాత్రం చెప్పమంది. చెప్పాను ఫైజా.

ఇప్పుడు అందరం లేద్దాం. కుర్చీల్లో ఉన్నవాళ్ళు లేవండి, ఎవరి చేతుల్లోనైనా పసిపిల్లలుంటే అలాగే ఎత్తుకుని లేవండి. రమీజ్, నీకు కష్టమైతే కూర్చో... సరే, లే. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. మౌనం అర్ధాంగీకారం అంటారు మన పెద్దవాళ్ళు. ఈ మౌనం అది కాదు. మనం దేనికీ ఒప్పుకోవడం లేదు. అది గుర్తుపెట్టుకుని, తలలు వంచకుండా, నిలబడండి.