మెడ చుట్టూ తెల్లపట్టీ

పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు "మాట్లాడుకోండి" అంటూ ఇద్దర్నీ కాప్రా చెరువు పక్కనున్న అమ్మాయివాళ్ల డాబా మీదికి తోలారు. అతను చెరువువైపు చూస్తుంటే, ఆమే మొదలుపెట్టింది.

"మీకు పిట్టలంటే పిచ్చంట గదా. గా గడ్డి మీద ఎగురుతున్న పిల్లిగద్దను చూడుండ్రి. మాంటెగూ హారియర్ కదా?"

"ఆ... అవునండీ."

"పక్కానా?"

"అంటే... పాలిడ్ హారియర్ కూడా అచ్చం ఇలాగే ఉంటుందండీ. ఆడపిట్టలైతే రెండూ గోధుమరంగే."

"మరి ఇదేంది?"

అతను మెట్లవైపు చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మాయి ఏమన్నా కాదనొద్దని మా అమ్మ ఒట్టు వేయించుకుందండీ."

"మీ అమ్మ కిందుంది, గద్ద పైనుంది. చెప్పుండ్రి."

"మెడ చుట్టూ తెల్లపట్టీ ఉంది చూడండి. మాంటెగూకి అలా ఉండదు. ఇది పాలిడే. మీరు పొరబడ్డారు."

"పొరబడలే, నాకు ముందే తెలుసు. మీకన్నా ముందు చూడొచ్చినాయన, నేను ఏ పిట్టకు ఏ పేరు చెప్పినా అవునవునన్నడు."

అతను ఇంకా తేరుకోకముందే కిందినుంచి ఆమె తల్లి కేకేసింది.

"మాట్లాడుడు అయిందా?"

"యాడ మమ్మీ! కొట్లాట గిప్పుడే షురూ అయింది. ఇంకోసారి చాయ్ పెట్టు!"