రెండు వేళ్ళ క్రీము

ఏటి డాట్రమ్మా, అయిపోనాదా? ఫోన్లో ఓ ఫొటో తీసీసి కుర్చీలో కూకుండిపోతే ఎలగ? మొహం సూడవేటి? పోయిన నెల గెడ్డం పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి, ఆ లైటున్న అద్దం పెట్టి మరీ సూసేవు కదా. ఇయ్యాల నాను ఏటి పాపం సేసేను?

రావికమతం నుంచి రెండు ఆటోలు మారి వొచ్చేను తల్లీ. మొదటి దాంట్లో నలుగురి మద్దెన ఇరుక్కున్నాను, రెండో దాంట్లో డ్రైవరు పక్కన అంచు మీద కూకున్నాను. నెలకో మంగళారం నువ్వు విశాపట్నం నుంచి చోడవరం వొస్తావు, ఈ మందుల సాపు మేడ మీద కూకుంటావు. అందుకని నాను ముందురోజే సీర ఉతికి ఆరేసుకుంటాను. నువ్వేమో ఫొటో తీసి ఊరుకుంటావు.

ఏటీ? ఫోను సూడమంటావా? సూత్తన్నాను. ఎడం పక్కది అయిదు నెల్ల కిందటిదా? కుడి పక్కది ఇయ్యాల్టిదా? రెండూ నానే కదా, కొత్తగా సూసీదేటుంది!

అవునమ్మా, నలుపు పెరిగింది. కాదన్నానా? రెండు బుగ్గల మీదా ఉన్న మంగు ముక్కు మీదకెక్కి కలిసిపోనాది. కళ్ళ కిందైతే కాటుక సెరిగిపోయినట్టుంది. నా మొహం నాకు తెలీదేటి.

ఏటన్నావు? మళ్ళీ అను.

ఈ మందుకి లొంగలేదు కాబట్టి విశాపట్నం పెద్దాసుపత్రికి సీటీ రాసి పంపించీస్తావా? అక్కడ మిషన్లుంటాయా? ఇంక ఇక్కడికి రావక్కర్లేదా? ఓలమ్మో! అంత మాటనకు తల్లీ. ఆ పెన్ను కింద పెట్టు. పెట్టమ్మా, ఓ నిమిషం.

మందు మంచిదే. నీ మందుకి పేరెట్టకు. రాస్తన్నాను కదా, పొద్దున్న తెల్ల మూతదీ, పడుకునే ముందు పచ్చ మూతదీ. ఎంత రాస్తన్నానా? నువ్వు సెప్పినంతే. సూపుడు వేలు మీద ఓ గీత, నడిమేలు మీద ఓ గీత, రెండు వేళ్ళ పొడుగునా పిండి మొహం అంతా. సెవుల కింద కూడా. సూసేవా, పాఠం అప్పజెప్పినట్టు సెప్పేను.

మరెందుకు తగ్గలేదంటే నానేటి సెప్పను? ఎండమ్మా. పొద్దున్న ఏడింటికి చెరుకులో కలుపుకి దిగితే మద్దేన్నం దాకా నెత్తి మీద ఎండే. సెమటకి కారిపోతాది కాబోలు.

ఆకు కూరలా? తింటన్నాను. గుడ్డా? అదీ తింటన్నాను. నిద్దరా... ఆరు గంటలు పడుకుంటన్నాను.

అలా సూడకు. సర్లే, సెప్తాను. ఒక్కదానికి ఏటి వండుకుంటానమ్మా? గుప్పెడు బియ్యం పోస్తే గిన్నె అడుగున కనబడదు. రెండు రోజులకి ఓపాలి వండుతాను, మద్దెలో టీ తాగుతాను. కూర దించి మూత తీసి వాసన సూడమనడానికి మనిషుండాలి కదా. పడుకుంటాను గానీ నిద్దర రాదు. ముప్పై ఏళ్ళు గురక ఇన్న సెవులు, గురక లేకపోతే పడుకోమంటే ఎలగ పడుకుంటాయి?

మా పరదేశి పోయి రెండేళ్ళు. సెప్పేను కదా మొదటి రోజు. పిల్లల్లేరు మాకు. ఇంట్లో ఆయనా నానూ, ఓ గేదె. ఆయన పోయేక గేదెని నానే అమ్మీసేను, మేతకెల్లే ఓపిక లేక. అమ్మకుండా ఉండవలిసింది.

ఆ, మొదటి రోజు ఇంకోటి కూడా అడిగేవు. ఈ మంగు ఎప్పుడు మొదలైంది అని. రెండేళ్ళు అన్నాను. నువ్వు రాసీసుకున్నావు. అది అబద్ధం కాదు గానీ నిజమూ కాదు.

అది ఎప్పట్నించో ఉంది డాట్రమ్మా. ఎండల్లో కలుపు తీసి, బెల్లం వండే రోజుల్లో పెనం కాడ సెగలో నిలబడి, ఇరవై ఏళ్ళ నుంచి ఉండుంటాది. పసుపు కింద ఉండిపోనాది, అంతే. పెళ్ళైన కాణ్ణుంచి తానం సేసి పసుపు రాయకుండా గుమ్మం దాటలేదు నాను. పసుపంటే మీ విశాపట్నం లాగ సిటికెడు కాదు. ఓ ఉండ రాయి మీద అరగదీసి దట్టంగా రాసీదాన్ని. ఆ పచ్చదనం కింద నల్లగా ఉందో ఎర్రగా ఉందో ఎవరు సూసేరు?

పెద్దకర్మ నాడు పసుపు తీసీసేరు. గాజులు పోతే సెయ్యి బోసిగా ఉంటాదని తెలుసు. బొట్టు పోతే నుదురు బోసిగా ఉంటాదనీ తెలుసు. మొహమే మారిపోతాదని నాకెవరూ సెప్పలేదు. మూడో రోజో నాలుగో రోజో అద్దంలో సూసుకున్నాను. ఎవరిదమ్మా ఈ మాడిపోయిన మొహం అనుకున్నాను.

ఊళ్ళో ఆడోళ్ళు ఏటన్నారో తెలుసా? సన్యాసమ్మకి మొగుడి మీద బెంగతో మొహం నల్లబడిపోనాది, పాపం అన్నారు. నాకు నవ్వొచ్చింది. బెంగ నిజమే. గానీ ఆ నలుపు నాది, ఎప్పట్నించో ఉన్నది. ఆ సంగతి పరదేశికొక్కడికే తెలుసు.

ఎలగ తెలుసంటే... ఏటో, సెప్పడానికి సిగ్గుగా ఉంది. నీకంటే ముప్పై ఏళ్ళు పెద్దదాన్ని, నీకాడ సిగ్గేటిలే. నాను అద్దం సూసి రాసీదాన్ని కాదు. తొందర కదా, పొలానికెల్లాలి. సెవి కింద, ఇదిగో ఇక్కడ, దవడ కాడ పసుపు కుప్పగా మిగిలిపోయీది. ఆయన గుమ్మం కాడ నిలబడి, గెడ్డం ఇలగ పట్టుకొని, మొహం పక్కకి తిప్పి బొటనేలితో తుడిసీవోడు. రోజూ. తుడిసి, పంచె అంచుకి సెయ్యి రాసుకొని ఎల్లిపోయీవోడు.

తగువులాడుకున్న రోజు కూడా తుడిసీవోడు! ఓపాలి నాను కోపం పట్టలేక పళ్ళెం ఇసిరీసేను. పొద్దున్న మూతి ముడుసుకొనే వొచ్చి, మూతి ముడుసుకొనే తుడిసి ఎల్లేడు. ఆయన పంచెలన్నిటికీ అంచు పచ్చగా ఉండీది. ఎంత ఉతికినా పోయీది కాదు.

సర్లే, నా కబుర్లకేటి. బైట ఆ మొటిమల గుంట వాళ్ళమ్మతో కూకొనుంది, పాపం. ఎల్తాన్లే. ఆ సీటీ మాత్రం రాయకు.

సంచీలోనా? ఏటీ లేదమ్మా. కొత్తిమీర కట్ట. వాడీసిన ట్యూబులు తెమ్మన్నావా? అన్నావు, మరిసిపోనాను. ఇంటికాడున్నాయి. ఖాళీవే. ఎంత పిండినా రావు.

ఎందుకలా సంచీకేసి సూత్తావు?

సరే. రాయలేదు. అవును, రాయలేదు! ఇప్పుడేటి, పోలీసుల్ని పిలుస్తావా?

మొదటి రోజు నువ్వు రాసేవు సూడు. ఎలగ రాయాలో సూపిస్తానని నీ వేళ్ళ మీద పిండి, నుదుటి మీద సుక్కలు పెట్టి, బుగ్గల మీద పెట్టి, మెల్లగా పామేవు. అదేదో రంగు కలిసిన క్రీము కదా, పచ్చగా నిగనిగలాడింది. ఆ మొహంతోనే ఆటో దిగేను. మా ఆడపడుచు మంగాయమ్మ ఎదురొచ్చింది. అది సూడకపోతే ఎవరు సూత్తారు? ఊరంతటికీ ఇనబడేలాగ, "వొదినా, మా అన్న పోయి రెండేళ్ళవలేదు, మళ్ళీ పసుపు రాస్తన్నావా" అని అరిసింది. టీ కొట్టు కాడున్న మగోళ్ళంతా ఇటు తిరిగేరు. నాకు తల కొట్టేసినట్టైంది.

అందుకే రాయలేదు. అయిపోనాది. సెప్పీసేను.

ఏటీ? రంగు లేని క్రీమిస్తావా? ఎవరికీ కనబడదా?

అబ్బా... నువ్వు మంచిదానివమ్మా. ఏ మాటకీ కసరవు. అందుకే నీకాడ అబద్ధం నిలబడదు.

మంగాయమ్మకి భయపడీదాన్నా నాను? అక్కడే అడిగీసేను దాన్ని, నీ అన్న పోయేక నా గుమ్మం తొక్కేవా, నాను తిన్నానో లేదో అడిగేవా, నా మొహం మీద ఏటుందో నీకెందుకే అని. అది ఎనక్కి తిరిగి ఎల్లిపోనాది. అది కాదు తల్లీ. అదైతే ఎప్పుడో సెప్పీదాన్ని.

ఇదిగో. తీసుకో. సంచీ అంతా బల్ల మీద ఒంపీసేను, సూసుకో. తెల్ల మూతవి అయిదు, పచ్చ మూతవి అయిదు. లెక్కెట్టక్కర్లేదు. ఒక్కదానికీ సీలు తియ్యలేదు. నెల నెలా కింద సాపులో కొని, ట్రంకు పెట్టెలో ఆయన పంచెల మీద పెట్టేను.

తిట్టు. తిట్టవేటి? తిడితే బాగుణ్ణు.

ఆ మొదటి రోజు క్రీము పామేక ఏటి సేసేవో గుర్తుందా నీకు? ఉండదులే, రోజుకి ఎంతమందిని సూత్తావు. సెవి కింద మిగిలిపోనాది. నువ్వు నా గెడ్డం పట్టుకొని, మొహం పక్కకి తిప్పి, బొటనేలితో తుడిసేవు. తుడిసి, కోటు అంచుకి రాసుకున్నావు.

ఆ రోజు నాను మొహం కడుక్కోలేదు డాట్రమ్మా. మర్నాడు మద్దేన్నం దాకా కడుక్కోలేదు.

రెండేళ్ళు. ఆటోలో భుజాలు తగుల్తాయి. రేషను బియ్యానికెల్తే మిషను మీద వేలు పెట్టమంటారు, సరిగ్గా పడకపోతే ఆ గుంటడు నా వేలు పట్టుకొని గట్టిగా నొక్కుతాడు. అంతే. మొహం మీద సెయ్యేసినోళ్ళు లేరు. ముసిల్దాని మొహం ఎవరు ముట్టుకుంటారు? ఎందుకు ముట్టుకుంటారు?

నువ్వు మందుల సీటీ రాస్తూ ఓ మాటన్నావు ఆ రోజు. నవ్వుతూనే అన్నావు. రోజూ రాస్తే నాలుగు నెలల్లో మచ్చలు సన్నబడిపోతాయమ్మా, తరవాత నువ్వు రావక్కర్లేదు అన్నావు. నాను మెట్లు దిగుతూ అదే అనుకున్నాను. తగ్గితే రావక్కర్లేదు. తగ్గకపోతే నెలకోపాలి రావొచ్చు. నా లెక్క తప్పేటి? తగ్గకపోయినా రావక్కర్లేదంటావని నాకేటి తెలుసు!

అందుకే అడిగేను, ఇయ్యాల ఫొటో తీసి ఊరుకున్నావేటని. ఫోనుకి సూపించడానికా నాను రెండు ఆటోలు మారి వొచ్చింది?

ఛీ, ఏడవను. లైటు పడి కళ్ళు మండుతున్నాయి. నువ్వేటి, నువ్వూ కళ్ళద్దాలు తుడుసుకుంటన్నావు? ఊరుకో తల్లీ. బైటోళ్ళు సూత్తే నానేదో సచ్చీ రోగంతో వొచ్చేననుకుంటారు.

సూడు, తలుపు సందులోంచి. ఆ గుంట మొటిమని వాళ్ళమ్మ గెడ్డం పట్టుకొని సూత్తంది. అది ఇసుక్కుంటంది. ఇసుక్కోనీ, సిన్నది.

ట్యూబులు సంచీలో పెట్టీమంటావా? సరే. ఇయ్యాల్టి నుంచి రాస్తాను. కాదు, ఈపాలి నిజంగానే రాస్తాను, రెండు వేళ్ళ పొడుగునా. గుడ్డు తింటాను. అన్నం రోజూ వండుతాను. పెద్దాసుపత్రి సీటీ సింపీసేవు కదా, సంతోషం.

ఇంకోటడగనా? కసరకు.

రాస్తాను, నువ్వన్నట్టే మచ్చ పోతాది. పోయేక రావక్కర్లేదు, తెలుసు. గానీ పోయిందని సూపించడానికైనా ఓపాలి రావొచ్చు కదమ్మా? ఒక్కపాలే.