బొమ్మ ముందు నిలబడటం నేర్పిన మేడమ్ గారు

1992 జూన్ 15వ తేదీన చరిత్ర ఉపాధ్యాయినిగా మన పాఠశాలలో ప్రవేశించి, నేడు పదవీ విరమణ చేస్తున్న మా సహోద్యోగినిని విద్యార్థులు తొలి ఏడాదే 'బొమ్మల మేడమ్' అన్నారు. మేడమ్ దానిని బిరుదుగానే స్వీకరించారు.

మ్యూజియం అంటే రాజుల కత్తులూ కిరీటాలూ చూపించి తీసుకొచ్చేసే ఆ రోజుల్లో, వారు తమ తరగతిని మ్యూజియం మేడమీది చివరి గదికి, సమ్మెలనూ చెరసాలలనూ యుద్ధ వ్యతిరేక ప్రదర్శనలనూ చిత్రించిన గదికి నడిపించారు. చిత్రం కింది వివరాన్ని అరచేత్తో మూసి, "ముందు చూడండి, తర్వాత చదువుదురు గాని" అనేవారు.

ఒక ఏడాది, ఊరేగింపుపై పోలీసులు కర్రలతో విరుచుకుపడుతున్న చిత్రం ముందు పిల్లలందరి చూపూ ఒక పోలీసు అధికారి కుమార్తె మీదికి మళ్లింది. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. "పోలీసులకి ముఖాలే లేవు మేడమ్! మా నాన్నకుంది కదా!"

"బాగా చూశావు. ఎందుకు వెయ్యలేదంటావ్?" అన్నారు మేడమ్.

మర్నాడే ఆ తండ్రి ప్రధానోపాధ్యాయుల గదికి వచ్చారు. నేనక్కడే ఉన్నాను. "పిల్లలకి రాజకీయాలు నూరిపోస్తారా?" అని మండిపడ్డారు. ఆయన వెళ్లాక, "మనకెందుకొచ్చిన గొడవ, ఈ మ్యూజియం యాత్రలు ఆపేద్దాం మేడమ్" అన్నారు ప్రధానోపాధ్యాయులు.

"ఆపండి సార్. కానీ ఆయన ఆ బొమ్మ చూశాక ఆపండి."

మేడమ్ కబురు పెడితే ఆయన ఒప్పుకున్నారు; ఆదివారం తండ్రీకూతుళ్లతో పాటు మేడమూ నేనూ వెళ్లాం. ఆయన బొమ్మలోని ఒక్కొక్క పోలీసునూ చూస్తూ పోయారు. చివరికి, "నేనూ ఇలాంటి వరసలో నిలబడ్డానమ్మా. చాలా భయపడ్డాను. అవతల నా చిన్నప్పటి స్నేహితుడున్నాడు" అన్నారు.

"కొట్టావా నాన్నా?"

"కొట్టాను."

కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. దేనికైనా ప్రశ్న వేసే మా మేడమ్ ఆ క్షణాన నన్ను గది బయటికి తీసుకెళ్లిపోయారు. ఆయన ఫిర్యాదును వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది ఆ అధికారే తరగతితో వచ్చి, బొమ్మలో లేని తన భయాన్ని పిల్లలకు స్వయంగా చెప్పారు. యాత్ర మరెన్నడూ ఆగలేదు.

ఉప ప్రధానోపాధ్యాయినిగా పదోన్నతి పొందిన నాటికి వారి శిష్యులు తామే పోస్టర్లు వేయసాగారు. బాలికల మరుగుదొడ్డికి గడియ లేదంటూ వేసిన మొదటి పోస్టరుకు మొదటి ముద్దాయి వారే! దానిని తమ గది తలుపుకే అంటించుకుని, ఆ వారంలోనే గడియలు పెట్టించారు. "ఇంట్లో క్యాలెండర్ బొమ్మని కూడా ప్రశ్న అడక్కుండా వదలదండీ" అని వారి భర్త గారు వాపోతుంటారు. ఆ వాపోవడంలో గర్వమే ఎక్కువ.

మేడమ్, ఇకపై గంట కొట్టి మిమ్మల్ని పిలిచేవారుండరు. మెచ్చిన చిత్రం ముందు మనసుతీరా నిలబడే సత్తువ మీ కాళ్లకూ, చెక్కుచెదరని చూపు మీ కళ్లకూ, నిండు ఆరోగ్యం మీ దంపతులకూ నూరేళ్లు తోడుండాలని మనసారా కోరుకుంటున్నాం.