కుడిచేతి వేళ్ళు

చనిపోయిన మిల్లు కార్మిక నాయకుడికి కూడలిలో విగ్రహం పెడుతున్నారు. మర్నాడు కంచు పోత పోయాల్సిన మట్టిబొమ్మను చూడటానికి ఆయన కూతురు శిల్పి షెడ్డుకు వచ్చింది.

“బాబాయ్, ఈ చెయ్యెవరిది?”

“అదేంటమ్మా, మీ నాన్నదే.”

“మా నాన్న కుడిచేతికి రెండే వేళ్ళు. మిగతా మూడూ మిల్లు మిషను తినేసింది. అందుకేగా యూనియన్ పెట్టింది.”

“తెలుసమ్మా. విగ్రహం అవిటిదైతే ఊరికి అరిష్టమని కమిటీ ఒప్పుకోలేదు.”

“అరిష్టమా? దేవుడే లేడని గొంతు చించుకున్న మనిషాయన.”

“పోయినవాళ్ళకు నోరుండదు గదమ్మా. ఏం చేసినా పడుంటారు.”

“కమిటీ పెద్దెవరు?”

“మిల్లు యజమాని కొడుకు.”

“తండ్రి తీసిన వేళ్ళు కొడుకు అతికిస్తున్నాడన్నమాట, అసలు తప్పే జరగనట్టు. ఆ కత్తి ఇటివ్వు.”

“కోస్తే విగ్రహమే వద్దంటారమ్మా. కూడలిలో ఆయన గుర్తే ఉండదు.”

“లేకపోతే పోనీ. ఈ పదివేళ్ళవాడెవడో నాకు తెలీదు.”

శిల్పి కత్తి ఇచ్చాడు.

“చిటికెనవేలు మొదలంటా కొయ్యకమ్మా. సగం మిగిలింది. ఆరోజు ఆ చేతికి గుడ్డ చుట్టింది నేనే.”