అన్న పేరు మీద

జిమ్‌లో మధ్యాహ్నం. అన్న బోనులో దిగి పోరాడే హెవీవెయిట్. తమ్ముడు ఏళ్ళ తరబడి ప్రాక్టీసులో అతనికి ఎదురు నిలబడి దెబ్బలు కాచుకునేవాడు. తమ్ముడు నేల మీది మెత్తల్ని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. అన్న ఇంకా గుమ్మం దాటలేదు.

"బూట్లు విప్పు అన్నయ్యా, ఇప్పుడే తుడిచా అక్కడ."

"నేను లోపలికి రావట్లేదురా."

"రాకపోతే గుమ్మంలో నిలబడే కొడతావా నన్ను? రా, రా. ఇవాళ కొత్త సరుకుంది నా దగ్గర. నీ ఛాంపియన్ గారి గుట్టు పట్టేశా. ఎడంచెయ్యి విసిరే ముందు కుడి భుజం కాస్త దించుతాడు. ఇదుగో, ఇలా. చూశావా?"

"చూశా."

"చూడలేదు. నా మొహం చూస్తున్నావు, భుజం చూడు. నెల్లాళ్ళుగా వాడిలా బతుకుతున్నానయ్యా నేను. పళ్ళు తోముకోవడం ఎడంచేత్తో, అన్నం తినడం ఎడంచేత్తో. మొన్న ఎడంచేత్తో గడ్డం గీసుకుంటుంటే మీ వదిన చూసి ఒకటే కేక."

"మీ వదినా?"

"మా వదిన. నీ పెళ్ళాం. మాట దొర్లింది, దానికి కూడా నిలదీస్తే ఎలా? గ్లవ్స్ వేసుకో."

"వద్దు."

"వద్దంటే? ఇవాళ్టికా?"

"అసలుకే. మానేస్తున్నా."

"ఏం మానేస్తున్నావు?"

"పోటీలు. అన్నీ."

"బాగుంది. వచ్చే నెల్లో టైటిల్ పెట్టుకుని, ఊరంతా పోస్టర్లు అతికించాక మానేస్తావు. బస్టాండు గోడ మీద నీ మొహం బస్సంత ఉంది. దాన్ని ఎవడు గీకుతాడు?"

"మోకాలు బాలేదురా."

"ఏ మోకాలు?"

"కుడిది."

"నిన్న ఆ కుడి మోకాలితోనే నా పక్కటెముకలు లెక్కపెట్టావుగా. ఇవాళ పొద్దున్నే దానికేమొచ్చింది? డాక్టరమ్మ ఏమంది?"

"డాక్టరమ్మ మోకాలు చూడలేదు."

"మరి ఏం చూసింది?"

"కాస్త మెల్లగా మాట్లాడు. కోచ్ లోపలే ఉన్నాడు."

"ఉంటే? నీ గుర్తింపు కార్డు మెళ్ళో వేసుకుని, నీ బదులు నేను వెళ్ళి ఆ గొట్టంలో పడుకున్నానని వింటాడా?"

"ఒరేయ్!"

"ఏం, అబద్ధమా? క్రితంసారి నువ్వు పడిపోయావు, అంబులెన్సులో గానీ కళ్ళు తెరవలేదు. తల లోపల ఫోటో తీయించుకొస్తే గానీ టైటిల్‌కి ఒప్పుకోమని పోటీ పెట్టేవాళ్ళన్నారు. ఇక నీకు అన్నం సయిస్తే ఒట్టు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నావు. పోనీలే, నేను వెళ్ళొస్తా అన్నా. వెళ్ళా."

"నేనడగలేదు నిన్ను."

"అడగలేదు. వద్దని కూడా అనలేదు. అక్కడెవరికి అనుమానం వచ్చింది చెప్పు? ముక్కు విరిగాక మనుషులంతా ఒకలాగే ఉంటారు. నర్సమ్మ అయితే 'మీ మ్యాచ్‌లు మా ఆయన వదలకుండా చూస్తారండీ' అంది. ఆవిడతో ఫోటో దిగా, నీలాగే పిడికిలి పట్టుకుని. నీ సంతకం నీకంటే బాగా పెట్టొచ్చా. ఇంతకీ డాక్టరమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకుండా ఉండటానికా నిన్ను పొద్దున్నే పిలిపించుకుంది? వదిన చెప్పింది, గంటసేపు లోపలే ఉన్నావట. బయటికొచ్చి కారు తాళం కోసం చేతిలో తాళం పెట్టుకునే వెతికావట."

"దానికీ మాటలు ఎక్కువే."

"వదిన మాటలు సరే. నీ మాటలేవి?"

"పెద్దోడా! చిన్నోడా! ఏరా, మొదలెట్టారా? కబుర్లు చెప్పుకోడానికా నేను ఈ జిమ్‌కి అద్దె కడుతోంది?"

"అయిపోయింది కోచ్, ఇదుగో తుడిచేశా! అన్నయ్య గ్లవ్స్ వేసుకుంటున్నాడు!"

"ఇవాళ తల మీదికి కొట్టించు పెద్దోడి చేత! పొట్ట మీద కొట్టి పడుకోబెట్టడానికి ఆ ఛాంపియన్ పసిపిల్లాడు కాదు. చిన్నోడా, కాచుకో. మరీ కాచుకోకు, వాడికి అలవాటవ్వాలి. నేను ఫోన్ మాట్లాడి వస్తా."

"సరే కోచ్!... విన్నావుగా? రా. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. నువ్వు మానేస్తానన్నావని తెలిస్తే సాయంత్రానికి పేపర్లో వేయిస్తాడు."

"నెత్తిన పెట్టుకున్న ఆ హెడ్‌గార్డు తీసెయ్."

"ఎందుకు?"

"ఇవాళ ఆడట్లేదని చెప్పానుగా. తీసెయ్."

"నువ్వు ఆడకపోతే నేనాడతా. వొళ్ళు వేడెక్కింది. ఊరికే నాలుగు దెబ్బలు. నీ మోకాలు కుర్చీలో పెట్టుకుని చేతుల్తో కొట్టు."

"తీసెయ్ రా అంటుంటే!"

"అరవకు. ఇదేమైనా కొత్తగా పెట్టుకున్నానా? ఇది ఉంటే నా తలకేం కాదు."

"అది ఉన్నా లోపల కదిలేది కదులుతూనే ఉంటుంది. బయట ఎంత మెత్త పెట్టుకున్నా ఒకటే."

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నారులే."

"డాక్టరమ్మ కదూ? అన్నయ్యా."

"ఊఁ."

"ఫెయిలయ్యామా?"

"ఊఁ."

"అలా చెప్పు. మోకాలట, మోకాలు! ఇంతకీ ఏమంది? ఈసారికి వద్దందా, ఎప్పటికీ వద్దందా?"

"ఎప్పటికీ."

"ఎప్పటికీ... సరే. పోనీలే. మరి అందులో నీకొచ్చిన నష్టమేముంది? అది నీ తల కాదుగా. వెళ్ళి నిజం చెప్పెయ్. తప్పయింది, మా తమ్ముడు వెళ్ళాడు, ఈసారి అసలు తలతో వస్తానను. మహా అయితే తిడతారు, జరిమానా వేస్తారు. మళ్ళీ తీయించుకో. నీది బాగుంటే టైటిల్ నీదే."

"చెప్పను."

"భయమా? నీది కూడా బాగుండదనా?"

"భయమే. నిజంగానే అదీ ఉంది. పొద్దున ఆవిడ చెబుతుంటే ముందు నాకేమనిపించిందో తెలుసా? అమ్మయ్య, ఇది నాది కాదు కదా అనిపించింది. ఒక్క క్షణమేరా. ఆ తర్వాత ఎవరిదో గుర్తొచ్చింది. అందుకే చెప్పను. మానేస్తా. నేను మానేస్తే నువ్వూ మానేస్తావు. ఎందుకు మానేశామో ఎవరికీ చెప్పక్కర్లేదు. నీకూ చెప్పక్కర్లేదు అనుకున్నా. వదిన వాళ్ళ నాన్నగారి షాపులో కూర్చుందాం ఇద్దరం. బల్బులూ స్విచ్చులూ అమ్ముకుందాం."

"మనిద్దరం కూర్చుంటే ఆ షాపులోకి గిరాకీ దూరడానికి చోటుండదు."

"ఉండకపోతే ఉండదు."

"ట్యూబులైట్లు మాత్రం నేను వెలిగించి చూపించను. నాకు ఆ వెలుగు పడదు."

"ఎప్పట్నించి పడట్లేదు?"

"ఏమో. నువ్వు మాట మార్చకు. ఆవిడేమందో చెప్పు."

"చెప్పాగా. పోటీలు వద్దంది."

"అది పోటీ వాళ్ళకి చెప్పే మాట. ఆ ఫోటోలో ఏముందో అది చెప్పు."

"నాకేం అర్థమవుతుందిరా అందులో? అదో బూడిదరంగు వ్యవహారం. ఆవిడ పెన్నుతో ఇక్కడ, ఇక్కడ అని చూపించింది. నేను తలూపా."

"అర్థమైనంతవరకు చెప్పు."

"వద్దురా."

"వాళ్ళకి చెప్పకపోతే చెప్పకు. నాకు చెప్పు."

"ఏం చేసుకుంటావు తెలుసుకుని?"

"నా తల అన్నయ్యా అది. పక్కింటివాళ్ళది కాదు. కూర్చో ముందు. బూట్లతోనే కూర్చో, ఫరవాలేదు. చెప్పు."

"మీరు బోనులో ఆడినవన్నీ తెప్పించుకుని చూశానండీ, అంది ఆవిడ. వాటిల్లో తగిలినవన్నీ కలిపినా ఇంత దెబ్బ కనపడకూడదు, అంది. పోటీ అంటే ఏడాదికి ఏ రెండో మూడో. ఇది అలా తగిలింది కాదండీ, ఇది రోజూ తగిలింది. చిన్నవీ పెద్దవీ, ఏళ్ళ తరబడి, ఒకదాని మీద ఒకటి. మానడానికి సందు కూడా ఇవ్వలేదు, అంది."

"ఊఁ."

"రోజూ మిమ్మల్ని కొట్టేవాళ్ళెవరైనా ఉన్నారా, అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఉన్నారండీ అన్నా. ఆయన్ని ఇక ఆపమనండి, అంది ఆవిడ. నా మొహం చూస్తూ అంది. ఆపమనండి ఆయన్ని, అని. ఒరేయ్, నాకు ఎదురుగా దిగినవాళ్ళు ఎంతమంది? ఒకణ్ణి మించి ఒకడు. నీకు ఎదురుగా దిగింది నేనొక్కణ్ణే కదరా. నిన్నింత చేసింది నేనొక్కణ్ణే."

"నువ్వొక్కడివే ఎందుకవుతావు? నేను నిలబడ్డానుగా. ఇంకా ఏమంది?"

"చాలదా?"

"చాలదు. ముందు ముందు ఎలా ఉంటుందంది?"

"మాటలు తప్పుతాయంది. చిన్న చిన్నవి మర్చిపోతారంది. దారులు. మనుషుల పేర్లు. కోపం వస్తుంది, ఎందుకో తెలియకుండా. ఇంట్లోవాళ్ళకి ముందు తెలుస్తుందంది, మనిషికి తర్వాత తెలుస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మొన్న నువ్వు మా పాపని బడినించి తీసుకురావడానికి వెళ్ళి, మనం ఎప్పుడో ఖాళీ చేసిన ఆ పాత ఇంటి ముందు నిలబడి తాళం తిప్పుతున్నావట. ఆ ఇంట్లోవాళ్ళు ఫోన్ చేశారు. నువ్వు పరధ్యానం అన్నావు. నేను నవ్వా. నవ్వానురా!"

"నవ్వావు. వదిన నవ్వలేదు. తగ్గుతుందందా?"

"ఇక ఒక్క దెబ్బ కూడా తగలకుండా ఉంటే ఇక్కడితో ఆగొచ్చు, అంది."

"ఆగుతుంది అందా, ఆగొచ్చు అందా?"

"ఆగొచ్చు."

"తగ్గడం మాట?"

"ఆ మాట ఎత్తలేదు ఆవిడ. నేనూ అడగలేదు."

"అడగాల్సింది."

"రేపు అడుగుతా. ఇద్దరం వెళ్దాం. నిజం చెప్పేద్దాం, లైసెన్సు పీక్కుంటే పీక్కోనీ, జైల్లో పెడితే పెట్టనీ. నీ పేరు మీదే చూపిద్దాం."

"సరే."

"నామీద కోపం లేదూ?"

"ఇప్పుడది అడగకు."

"తిట్టరా పోనీ. కొట్టు. ఎడంచేత్తో కొట్టు, కాచుకోను. ఎందుకలా చల్లగా కూర్చున్నావు? నాకు భయమేస్తోంది."

"ఏం లేదు. పొద్దుట్నించీ ఈ కబురు కోసమే చూస్తున్నా. ఇప్పుడు కాస్త నయం."

"పొద్దుట్నించీనా? నీకేం తెలుసని? నా కోసం వెళ్ళావురా నువ్వు. నా టైటిల్ కోసం, నా భయం చూడలేక. ఊరికే ఇంట్లో కూర్చునేవాడివి, నా బదులు వెళ్ళి ఇది నెత్తిన వేసుకున్నావు. నీ రుణం నేను—"

"నీ కోసం వెళ్ళానని ఎవరు చెప్పారన్నయ్యా? నా తలలో ఏదో అవుతోందని నిరుడే నీతో చెప్పా, కోచ్‌తో చెప్పా. ఇద్దరూ గ్లవ్స్ వేసుకోమన్నారు. నీ తలయితేనే ఎవరైనా చూస్తారని, నీ కార్డు వేసుకుని వెళ్ళా."